మంద కట్టిన చేను

మార్కాపురంలో ఎరువుల దుకాణం నడిపే, పల్లెల్లో అందరూ శెట్టి అనే హనుమంతరావుకు పొదిలి రోడ్డు పక్కన ఇసుకపాలు ఎక్కువున్న ఒక ఎర్ర గరప చేను ఉండేది. అది పంట కోసం కొన్నది కాదు. ఏదో ఒక రోజు మార్కాపురం పెద్ద ఊరవుతుందని, ఆ రోడ్డు వెంట ప్లాట్లు పడతాయని కొన్నాడు. ప్లాట్లు పడేలోగా చేను ఊరికే ఎందుకుండాలని కౌలుకిచ్చేవాడు. తీసుకున్నవాళ్ళెవరూ రెండో ఏడు ఉండలేదు. ఆ నేలలో వాన నీళ్ళు ఎంత తొందరగా ఇంకిపోతాయో వేసిన ఎరువు కూడా అంతే తొందరగా మాయమవుతుందని చెప్పి వదిలేసేవాళ్ళు. ఆ మాటకు హనుమంతరావు నొచ్చుకునేవాడు కాదు. ఎరువు మాయమవడం ఆయన వ్యాపారానికి మంచిదే.

ఆఖరికి ఆ చేను యల్లమ్మ చేతికి వచ్చింది. ఆమెది రోడ్డుకు అవతల ఉన్న పల్లె. ఆమెకూ భర్త పిచ్చయ్యకూ సొంతంగా ఉన్నది ఎండిపోయిన బోరు, దాని చుట్టూ కాస్త నేల. పిచ్చయ్య నెమ్మదస్తుడు. చెప్పిన పని చేస్తాడు, చెప్పని పని జోలికి పోడు. ఇంట్లో చెప్పే పని యల్లమ్మది.

"మూడేండ్లకియ్యన్నా. నేలను దారికి తెచ్చుకుంటా" అని అడిగింది.

"మూడేండ్లేంది, పదేండ్లు చేసుకో. నిన్ను కాదనేదెవరు?" అన్నాడు హనుమంతరావు. అది ఒప్పందం అనుకుని యల్లమ్మ ఇంటికి వచ్చింది. ఆయన దాన్ని మర్యాద అనుకున్నాడు.

ఆ ఎండాకాలంలోనే యల్లమ్మ అర్ధవీడు వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే ఆంజనేయులిని పట్టుకుంది. కొండ పక్కన మేత అయిపోయాక అతను ఏటా మందతో కిందికి దిగి, కోత అయిన చేలల్లో మేపుకుంటూ పోతాడు. రాత్రిళ్ళు మందను తన చేనులో కట్టమని, దానికి బదులు తిండిగింజలు ఇస్తానని, అతను ఉన్నన్నాళ్ళూ రెండు పూటలా అన్నం తన ఇంట్లోనే అని మాట్లాడుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆంజనేయులు చేనులో ఒకచోట వల కట్టి గొర్రెలను లోపలికి తోలేవాడు. మర్నాడు ఆ వల పక్క జాగాకు జరిగేది. అట్లా ఎండాకాలం గడిచేలోగా చేనంతా గొర్రెల పెంట పరుచుకుంది. అది చాలదన్నట్టు యల్లమ్మ ఊళ్ళో తోలుకునే దిక్కులేక పడి ఉన్న పెంటదిబ్బలు అడిగి అడిగి, ట్రాక్టరు పెట్టి తోలించింది.

పిచ్చయ్య పార పట్టుకుని పెంట చిమ్ముతూ ఒకసారి ఆగాడు.

"ఏమే, ఊళ్ళో పెంటంతా తెచ్చి శెట్టి చేన్లో పోస్తాండావే."

"పంట మనదే గదా."

"పంట మనది. నేల ఆయనది. నువ్వు పోసేది నేలలో."

యల్లమ్మ ఇంకో తట్ట ఎత్తుకుంది. పిచ్చయ్య మళ్ళీ చిమ్మడం మొదలుపెట్టాడు.

హనుమంతరావు ఒకరోజు స్కూటరు మీద అటుగా పోతూ ఆగి చూశాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "నా చేను చేసుకుంటా నా దుకాణానికి రాకపోతే ఎట్ల యల్లమ్మా? ఎవరన్నా వింటే నా ఎరువు మంచిది కాదనుకుంటారు."

"విత్తనాలకు వస్తా లేన్నా" అంది యల్లమ్మ.

పత్తి పెట్టారు. ఆ ఏడు వాన ఒక్కసారి వచ్చి మొలకలు మొలిపించి, మళ్ళీ ముఖం చాటేసింది. గొర్రెల పెంట వేసింది వేసినట్టే గట్టిగా ఎండిపోయి, కలుపు తీసేటప్పుడు గులకరాళ్ళలా కాళ్ళకు తగిలేది. మొక్కలు మోకాలెత్తు పెరిగి, ఆకులు పాలిపోయి నిలబడ్డాయి. పక్క చేల వాళ్ళు ఉన్న ఒక్క వాననూ చూసుకుని యూరియా చల్లారు. వాళ్ళ పత్తి గొప్పగా లేకపోయినా యల్లమ్మ పత్తి కంటే నయంగా ఉంది.

అయినా ఆమె రెండో ఎండాకాలం కూడా ఆంజనేయులిని పిలిచింది. మళ్ళీ మంద కట్టించింది. మళ్ళీ వానలు మొండికేశాయి. మళ్ళీ అదే పాలిపోయిన పత్తి.

"యూరియా పని యూరియాదే, పెంట పని పెంటదే" అన్నాడు హనుమంతరావు, దుకాణంలో పదిమంది ముందు. "ఆ కాలం పోయింది. ఇప్పటి పైర్లకు గొర్రె పెంట ఏం ఆనుతుంది?" ఆయన అది ఎగతాళికి అనలేదు. నిజంగానే అట్లా నమ్మేవాడు. ఆయనకు బస్తా మీద అచ్చు వేసి ఉన్నదే ఎరువు.

రెండో పంట ఏరివేత అయిపోయాక ఆయన యల్లమ్మను దుకాణానికి పిలిపించి, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించాడు. కుర్చీ వేసినప్పుడే ఆమెకు విషయం అర్థమైంది.

"ఒక కంపెనీ వాళ్ళు కొత్త గుళికలు ఇచ్చినారు యల్లమ్మా. నేలకు బలమిచ్చేవి. ఈ వైపు అమ్మకమంతా మన దుకాణానిదే. వాళ్ళకు రోడ్డు పక్కన, పోయే బస్సులో నుంచి కూడా కనపడేట్టు ఒక చేను కావాలంట, గుళికలేసి చూపించేదానికి. నా చేనుంది గదా అని మాట ఇచ్చినా."

"ఇంకొక్క ఏడు చేసుకుంటానన్నా. ఇప్పుడిప్పుడే నేల..."

"రెండేండ్లు చేసి చూసినావు గదా. ఏం మిగిలింది నీకు? ఇదీ నీ మంచికే. నువ్వు యాడికీ పోవద్దు. చేన్లో పనంతా నువ్వే చూసుకో, కూలి ఇస్తా. పిచ్చయ్యను కాపలా పెట్టుకుంటా."

యల్లమ్మ కాఫీ తాగి లేచింది. బస్సులో కూర్చున్నాక ఆమెకు హనుమంతరావు మీద రావలసినంత కోపం రాలేదు. తన మీద తనకే వచ్చింది. రెండు ఎండాకాలాలు గొర్రెల కాపరికి వండి పెట్టింది, ఊరి పెంటంతా మోసింది, చివరికి శెట్టి చెప్పిందే నిజమైంది. ఆ కోపం ఎవరి మీదా తీరక, ఎండలు ముదిరి ఆంజనేయులు మామూలుగా మందతో వచ్చి ఇంటి ముందు నిలబడినప్పుడు అతని మీద పడింది.

"నీ మందతో నాకేం ఒరిగిందబ్బాయ్? నీ గొర్రెల పెంట గొర్రెలతోనే ఉంచుకో. ఇంక ఈ దిక్కు రావాకు."

ఆంజనేయులు ఇంటి ముందు కుండలో నీళ్ళు తాగి, మందను దొనకొండ దారి పట్టించుకుని పోయాడు.

ఆ ఏడు వానలు పడ్డాయి. ఒకటీ అరా కాదు, నేల నాని, ఆరి, మళ్ళీ నానేట్టు పడ్డాయి. హనుమంతరావు చేనులో గుళికలు యల్లమ్మే తన చేత్తో చల్లింది. ఇరవై రోజులు తిరిగేసరికి ఆ చేను రంగు మారింది. వాన అందరికీ పడింది, అందరి పత్తీ పెరిగింది. కానీ ఆ చేనులో పత్తి నలుపు తిరిగిన పచ్చదనంతో, సాళ్ళు కలిసిపోయి, మనిషి దిగితే నడుము దాకా మునిగేట్టు లేచింది. పొదిలి నుంచి వచ్చే బస్సుల్లో జనం కిటికీల్లో నుంచి తలలు తిప్పి చూశారు. హనుమంతరావు దుకాణం మధ్యలో వదిలేసి వచ్చి గట్టు మీద నిలబడేవాడు. ఆయనకు తన గుళికల మీద ఉన్న నమ్మకం అప్పటిదాకా వ్యాపారపు నమ్మకం. చేను చూశాక అది భక్తిగా మారింది.

కంపెనీ తరఫున ధనుంజయ అనే కుర్రాడు వచ్చాడు. తెల్ల చొక్కా, మంచి మాట. చేనంతా తిరిగి ఫోటోలు తీసుకుని, యల్లమ్మను పత్తి మధ్యలో నిలబెట్టాడు. గుళికల బస్తా ఒకటి చేతుల్లో పెట్టాడు.

"అమ్మా, కొంచెం నవ్వు."

"ఎందుకయ్యా?"

"పంట ఇట్ల వస్తే ఎవరైనా నవ్వుతారమ్మా."

ఆ మాట న్యాయంగానే ఉందనిపించి ఆమె నవ్వింది. పది రోజులకు ఆ నవ్వు పొదిలి బస్టాండు దగ్గర ఒకటి, దుకాణం ముందు ఒకటి, దొనకొండ పోయే మలుపులో ఒకటి, ఫ్లెక్సీల మీద నిలువెత్తున వెలిసింది. కింద పెద్ద అక్షరాలతో రాయించారు. "నా చేను. నా గుళికలు. నా నమ్మకం. యల్లమ్మ, ఆదర్శ మహిళా రైతు."

చేను ఆమెది కాదు. గుళికలు ఆమెవి కావు. నమ్మకం మాత్రం నిజంగానే ఆమెది. తన చేతులతో చల్లింది, తన కళ్ళతో చూసింది. ఎవరు అడిగినా అదే చెప్పింది. "నాకూ ముందు నమ్మకం లేదు. ఏసినాక చూసినా" అనేది. పల్లెలో చాలామంది ఆ మాట విని కొన్నారు. మరుసటి ఏడు యల్లమ్మ పిచ్చయ్యను శెట్టి చేను కాపలాలోనే ఉంచి, తను కూలి మానేసి, బంధువుల చేను ఒకటి కౌలుకు తీసుకుని, అందులో అవే గుళికలు వేసింది. పెంట జోలికి పోలేదు.

ఆ ఏడూ వానలు బాగానే ఉన్నాయి. గుళికలు కొన్న అందరి చేలూ ఎప్పటి మాదిరిగానే ఉన్నాయి. యల్లమ్మ చేనూ అంతే. హనుమంతరావు చేను ఒక్కటే మళ్ళీ నలుపు తిరిగింది.

పక్క వీధి రమణ ఒకరోజు పొద్దున్నే వచ్చి ఆమె వాకిట్లో నిలబడ్డాడు. అతను మాట పెంచే మనిషి కాదు. అందుకే ఆమెకు భయమేసింది.

"వదినా, నీ బొమ్మ చూసి ఏసినా నేను."

"నేనూ ఏసినా రమణా. నా చేను చూడలేదా? నాదీ ఇంతే."

"మరి శెట్టి చేన్లో ఎట్ల వస్తాంది?"

"ఏమో నాయనా. శెట్టి నేల మంచిదేమో."

రమణ ఆమె ముఖంలోకి చూశాడు. ఆ నేల ఎట్లాంటిదో పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆమె ఏదో దాస్తోందని అతనికి అనిపించింది. అట్లా అనిపించింది అతనొక్కడికే కాదు. కంపెనీ వాళ్ళు యల్లమ్మకు బాగా ముట్టజెప్పారని, ఆమెకు వేరే అసలు గుళికలు ఇచ్చి మనకు నకిలీవి అమ్మారని, రకరకాలుగా అనుకున్నారు. బస్సులో ఆమె ఎక్కితే పక్కన కూర్చున్నవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. పొదిలిలో దిగగానే నిలువెత్తున తన నవ్వే ఎదురొచ్చేది. ఆమె తల వంచుకుని అవతలి పక్కగా నడిచిపోయేది.

ధనుంజయకు ఫోన్ చేయించి, ఆ బొమ్మలు తీసేయమని అడిగింది.

"ఎందుకమ్మా తీసేది? నీ ముఖం చూస్తే జనానికి నమ్మకం" అన్నాడతను.

"ఆ నమ్మకమే పోయింది నాయనా" అంది. అతను అది సరిగా వినపడలేదన్నాడు.

ఆ ఏడు పంట చేను మీద ఉండగానే కంపెనీ వాళ్ళు హనుమంతరావు చేను దగ్గర పెద్ద మీటింగు పెట్టారు. షామియానా వేశారు, మైకు పెట్టారు, పొదిలి, దొనకొండ వైపుల నుంచి కూడా రైతులను జీపుల్లో తెప్పించారు. వ్యవసాయాధికారి సంధ్యారాణిని పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. యల్లమ్మను స్టేజి మీద కుర్చీలోనే కూర్చోబెట్టారు. మైకు ఇవ్వగానే తన బొమ్మలు తీసేయమని అందరి ముందు అడగాలని ఆమె ఇంటి దగ్గరే గట్టిగా అనుకుని వచ్చింది. మైకు ఆమెకు ఇచ్చేలోగా ధనుంజయ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"రెండో ఏడాది కూడా ఈ చేను ఎట్లా ఉందో మీ కళ్ళతో మీరే చూస్తున్నారు. దీనికి ఒకే ఒక్క కారణం..."

అతను కారణం చెప్పేలోగా వెనకవైపు కదలిక మొదలైంది. షామియానాలో చోటు దొరకని కొందరు నీడ కోసం చేను మూల, ఎప్పుడో ఎండిపోయిన బోరు పక్కనున్న మోటారు గదికి వెళ్ళారు. వాళ్ళలో రమణ ఉన్నాడు. అతను ఇప్పుడు ఒక బస్తా భుజాన వేసుకుని, జనం మధ్య దారి చేసుకుంటూ వచ్చి, దాన్ని స్టేజి ముందు దించాడు.

"సార్, ఈ ఏటి గుళికలు ఇయ్యే గదా? కుట్టు కూడా ఊడలేదు. లోపల వరసగా పేర్చి ఉండాయి. పైన దుప్పటి పరిచి ఉంది."

అందరూ బస్తా వైపు చూశారు. తర్వాత కాపలా ఉన్న పిచ్చయ్య వైపు చూశారు. షామియానా గుంజ పక్కన నిలబడి ఉన్న పిచ్చయ్య తనవైపే అందరూ ఎందుకు చూస్తున్నారో అర్థం చేసుకోవడానికి కొంచెం టైము తీసుకున్నాడు.

"అయ్యి చల్లలేదా పిచ్చయ్యా?" అని హనుమంతరావు కుర్చీలో నుంచే అడిగాడు. ఆయన గొంతు బాగా తగ్గింది.

"చల్లమని ఎవరన్నా చెప్తే గదా అన్నా. కాపలా ఉండమంటిరి, ఉన్నా. మూటలకు కూడా కాపలా ఉన్నా. ఎలకలు కొట్టకుండా పైన నేనే పండుకున్నా."

జరిగింది ఇంతే. పోయిన ఏడు గుళికలు చల్లింది యల్లమ్మ. ఈ ఏడు ఆమె అక్కడ లేదు. కంపెనీ వాళ్ళే మనుషులను పంపి చల్లిస్తారని హనుమంతరావు అనుకున్నాడు. శెట్టి చల్లించి ఉంటాడని ధనుంజయ అనుకున్నాడు. చేను పచ్చగా ఉండేసరికి ఇద్దరూ అవతలివాళ్ళు చల్లించారనే ధైర్యంతో ఉన్నారు.

జనంలో నవ్వు మొదలైంది. ధనుంజయ ఒక్క క్షణం బస్తా వైపు చూసి, మైకు దగ్గరికి లాక్కున్నాడు. అతను ఆ ఉద్యోగంలో ఊరికే పైకి రాలేదు.

"చూశారా? ఇదీ మా గుళికల గొప్పతనం. ఈ ఏడాది వేయకపోయినా పోయిన ఏడాది వేసిందే ఇంకా పనిచేస్తోంది. నేలలో నిలవ ఉంటుంది. ఒక్కసారిగా అయిపోదు. కొద్దికొద్దిగా కరుగుతూ, ఏళ్ళ తరబడి పైరుకు అందుతూనే ఉంటుంది. ఇట్లాంటిది మీరు ఎక్కడన్నా చూశారా?"

ముందు వరుస చప్పట్లు కొట్టింది. నవ్వినవాళ్ళలో కూడా కొందరు చప్పట్లు కొట్టారు. ఆ మాట వినడానికి అంత బాగుంది.

యల్లమ్మ చప్పట్లు కొట్టలేదు. ఆమె బొమ్మల సంగతి మర్చిపోయింది. అతను చెప్పిన మాట ఆమెకు ఎక్కడో తగిలి అక్కడే ఆగింది. కుర్చీలో నుంచి లేచి, మైకు లేకుండానే అడిగింది.

"నాయనా, పోయిన ఏడు ఏసింది ఈ ఏడు పనిచేస్తాంది అంటివి గదా. మరి అంతకు ముందు రెండేండ్లు ఏసింది ఏమైనట్టు?"

"అంతకు ముందు ఏం వేశారమ్మా?" అని అడిగింది ధనుంజయ కాదు, వ్యవసాయాధికారి సంధ్యారాణి.

"గొర్రెల మంద కట్టిస్తి మేడమ్, రెండు ఎండాకాలాలు. ఊళ్ళో పెంట కూడా తోలిస్తిమి. అప్పుడు పంట రాలేదు. పెంటతో ఏమీ కాదని అందరూ అనిరి. నేనూ అంటి."

సంధ్యారాణి లేచి ధనుంజయ చేతిలోని మైకు అడిగి తీసుకుంది. అతనికి ఇవ్వక తప్పలేదు.

"ఆ రెండేళ్ళూ ఇక్కడ వానల్లేవు గదా. పెంటలో ఉండే నత్రజని యూరియా మాదిరిగా వేయగానే పైరుకు అందదమ్మా. ముందు పెంట నేలలో చివికిపోవాలి. దాన్ని చివికించే సూక్ష్మజీవులకు తేమ కావాలి. తేమ ఉన్నా మొదటి ఏడు అందేది కొంతే. రెండో ఏడు ఇంకొంత, ఆ తర్వాత కొద్దికొద్దిగా కొన్నేళ్ళు వస్తూనే ఉంటుంది. మీ పెంట రెండేళ్ళు తేమ లేక అట్లనే పడి ఉంది. వానలు పడంగానే రెండేళ్ళదీ కలిసి లేచింది. ఇప్పుడు ఈ చేను తింటున్నది మీరు వేసిందే. ఇందాక సార్ గుళికల గురించి చెప్పిన మాటలన్నీ నిజమే, కాకపోతే అవి పెంటకు..."

ఆ సమయానికి ధనుంజయ వెనక నిలబడ్డ వాళ్ళకు చేత్తో సైగ చేశాడు. భోజనాలు తయారైనాయని ఎవరో గట్టిగా కేకేశారు. బిర్యానీ పొట్లాలు ఉన్నవైపు జనం ఒక్కసారిగా లేచారు. సంధ్యారాణి ఆఖరి మాట పూర్తిచేసేసరికి షామియానాలో మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ ఉన్నాయి. లేవనివాళ్ళలో ఒకడు రమణ. ఇంకొకరు హనుమంతరావు.

యల్లమ్మ అక్కడే నిలబడి ఉంది. రెండేళ్ళుగా తను తప్పు చేశాననుకున్న పని తప్పు కాదని ఒక ఆఫీసరు మైకులో చెప్పింది. సంతోషపడాలి. కానీ ఆమెకు ముందుగా గుర్తొచ్చింది ఆంజనేయులు. వాకిట్లో నీళ్ళు తాగి, ఎదురు మాట చెప్పకుండా పోయిన అతని వీపు.

మర్నాడు పొద్దున హనుమంతరావు ఆమె ఇంటికి వచ్చాడు. ఆయన ఆ పల్లె లోపలికి రావడం అదే మొదటిసారి. పిచ్చయ్య మంచం వాల్చాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు యల్లమ్మా?"

"నాకు తెలిస్తే గదా అన్నా చెప్పేది. మీరు పెంట పనికిరాదంటిరి. నేను నమ్మితి. గుళికలు బాగుండాయంటిరి. అదీ నమ్మితి."

"నేనూ నమ్మినా" అన్నాడు హనుమంతరావు. "ఇరవై ఏండ్లు ఎరువులు అమ్మినాను. నా చేన్లో ఏముందో నాకు తెలీలేదు." తర్వాత ఫ్లెక్సీలు తీయించానని, చేను మళ్ళీ ఆమే చేసుకోవచ్చని చెప్పాడు.

"ఎన్నేండ్లు?"

"చేసుకో, ఎవరు కాదంటారు?"

"అట్ల గాదన్నా. పోయినసారీ అట్లనే అంటిరి. ఐదేండ్లని రమణను, ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టి చెప్పండి. ఈ రోజు ఏసింది ఎల్లుండికి కాదు, ఏండ్లకు వస్తుందని మేడమ్ చెప్పింది గదా. వచ్చేదాకా నన్నుండనియ్యాల."

ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ చేను ఐదేళ్ళలో ఎంత ధర పలకవచ్చో ఆయన మనసులో మెదిలి ఉంటుంది. అయినా రమణను పిలిపించమన్నాడు. మాట ఇచ్చి, టీ తాగి, పోతూ పోతూ గడప దగ్గర ఆగాడు.

"మోటారు గదిలో మూటలు ఉండాయి. నీకేమన్నా కావాలంటే తీసుకో. ఊరికేలే."

"పిచ్చయ్య పండుకోను పనికొస్తాయి. ఉండనీ" అంది యల్లమ్మ.

మీటింగులో సంధ్యారాణి మాట విన్నది ఇద్దరు ముగ్గురే. కానీ రమణ విన్నాడు. అతను మాట పెంచే మనిషి కాదు గనుక, అతను చెప్పినప్పుడు జనం నమ్మారు. ఎండాకాలం వచ్చేసరికి ఆ వైపు పల్లెల్లో మందకు గిరాకీ మొదలైంది. కొండ దిగివచ్చే ప్రతి మందనూ రోడ్డు మీదే ఆపి తమ చేనుకు అడుగుతున్నారు. హనుమంతరావు కూడా ఊరుకోలేదు. తప్పు తెలుసుకున్న మనిషి కదా, దాన్ని దిద్దుకోవడానికి తనకు తెలిసిన దారే పట్టాడు. గోదాము వెనక ఖాళీ స్థలంలో మందలు కట్టించి, ఆ పెంట ఎండబెట్టి, జల్లించి, బస్తాలకెత్తి దుకాణంలో పెట్టాడు. బస్తా మీద అచ్చు వేసి ఉండేసరికి జనానికీ నమ్మకం కుదిరింది. తమ పెంటదిబ్బలు అట్లాగే ఉంచుకుని ఆ బస్తాలు కొన్నవాళ్ళు కూడా ఉన్నారు.

యల్లమ్మకు చేను దొరికింది, మంద దొరకలేదు. ఒకరోజు బస్సెక్కి అర్ధవీడు వైపు పోయి, అడుగుతూ అడుగుతూ ఆంజనేయులి ఇల్లు పట్టుకుంది. అతను గొర్రెలకు ఆకు రెమ్మలు కట్టలు కట్టి వేలాడదీస్తున్నాడు. ఆమెను చూసి పని ఆపి, కూర్చోమని బండ చూపించాడు.

"ఆ రోజు నిన్ను అనరాని మాట అన్నా అబ్బాయ్."

"నువ్వు అనింది నాకు కష్టం కాలేదక్కా. నాకూ నిజమే అనిపించింది. గొర్రె పెంటతో ఏమవుతుందిలే అనుకుంటి నేను కూడా. పాపం, ఊరికే ఇన్నాళ్ళు అన్నం పెట్టిందే అనుకుంటి."

యల్లమ్మకు నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు.

"ఈ ఎండాకాలం వస్తావా?"

ఆంజనేయులు నవ్వు ఆపేశాడు. "వరసగా మాటిచ్చేసినానక్కా. ఒకరి తర్వాత ఒకరికి. మధ్యలో శెట్టి గోదాముకు కూడా పోవాల. ఇంతకు ముందు ఎవరి చేన్లోకి పోయినా కసురుకునేవాళ్ళు, ఇప్పుడు ఎదురొచ్చి పిలుస్తాండారు. మాట తప్పలేను. వచ్చే ఏడు మొదటి జాగా నీదే."

అతని భార్య సంగటి పెట్టింది. యల్లమ్మ తిని, చేయి కడుక్కుని తిరుగు బస్సెక్కింది.

పెంటదిబ్బల కోసం ఊళ్ళో మళ్ళీ తిరిగింది. ఇదివరకు అడిగితే తీసుకుపొమ్మన్నవాళ్ళు ఇప్పుడు కొంచెం ఆలోచించి చెప్తామన్నారు. చివరికి ఆమె, పిచ్చయ్య ఇద్దరూ రెండు ఇళ్ళ గొడ్ల కొట్టాలు రోజూ ఊడ్చి పెట్టేట్టు, ఆ పెంట తమదయ్యేట్టు మాట్లాడుకున్నారు. దొరికినంత పోశారు. చేనులో ఒక పక్క మాత్రమే సరిపోయింది.

ఆ ఏడు పంట గొప్పగా రాలేదు, చెడిపోనూ లేదు. పాత బలం సన్నగిల్లుతోంది, కొత్తది ఇంకా నేలలోనే ఉంది. పత్తి ఏరివేత ముగిసే రోజుల్లో హనుమంతరావు వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఈ ఏడు అంతంత మాత్రమే యల్లమ్మా."

"ఏసింది ఈ ఏడే గదన్నా."

"ఎప్పటికి తెలుస్తుంది?"

"నాకెట్ల తెలుస్తుంది? ఇంకా నాలుగేండ్లు నాదే గదా, ఉండి చూస్తా. మీరు నడుమ నడుమ వచ్చి చూస్తా ఉండండి."

ఆమె పత్తి కట్టె పీకుతున్న కూలీల దగ్గరికి వెళ్ళిపోయింది. హనుమంతరావు కాసేపు అక్కడే నిలబడి, దుకాణం తెరిచే టైము దాటిపోతోందని గుర్తొచ్చి స్కూటరు స్టార్టు చేశాడు.